కాలిపోయిన ఫ్యూజు

"అడ్డం లేవండి మేడమ్."

బుల్డోజర్ మీద నుంచి పెద్దవయసు డ్రైవరు అన్నాడు.

పాత గోదాము గుమ్మానికి అడ్డంగా నిలబడిన పరిశోధకురాలు కదల్లేదు. గబ్బిలాల మీద పరిశోధన ఆమెది. తోటివాళ్లు గబ్బిలాలమ్మ అని ఏడిపిస్తుంటారు.

"పైకప్పు నిండా పిల్లలున్నాయండీ. వాటికింకా ఎగరడం రాదు. కూల్చొద్దని సాయంత్రానికి ఆర్డరు వస్తుంది."

"కూల్చమని నాకు పొద్దున్నే వచ్చింది."

"పోనీ, ఒక్కసారి లోపలికొచ్చి చూడండి."

"గబ్బిలాల్లో చూడ్డానికేముందమ్మా?"

ఆమెకు ఒళ్లు మండింది.

డ్రైవరు సీటు కిందకు వంగి ఏదో సర్దుకున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను కిమ్మనలేదు.

"ఫ్యూజు కాలిపోయింది. కొత్తది తేవాలి."

కిందికి దిగి, గోరంత ముక్కను ఆమె చేతిలో పెట్టాడు.

"మీ సంచిలో వేసుకోండమ్మా. నా జేబుకు చిల్లు."

ఇంతలో కాంట్రాక్టరు ఫోను. తిట్లు ఆమె దాకా వినిపించాయి.

"నాకే చేతకాలేదండీ" అన్నాడు డ్రైవరు తాపీగా.

ఆమె పక్కకెళ్లి తన గైడుకు ఫోన్ చేసింది.

"మన అదృష్టం బాగుంది సార్. పని రాని డ్రైవరును పంపారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫ్యూజు మీద నెపం పెడుతున్నాడు."

నవ్వుతూ వెనక్కి తిరిగితే నీళ్ల సీసాతో ఆయనే ఉన్నాడు. ఆమె నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం విననట్టే వెళ్లి స్పానరు పట్టుకున్నాడు.

ఆ స్పానరు చప్పుడైనప్పుడల్లా, బండి బాగైపోతుందేమోనని ఆమె అటు తొంగిచూసేది.

చీకటి పడుతుండగా తల్లి గబ్బిలాలు మేతకు బయల్దేరాయి. అప్పుడే ఆమె ఫోను మోగింది. పిల్లలు ఎగిరిపోయే దాకా గోదామును ముట్టుకోవద్దని ఆర్డరు వచ్చింది.

ఆమె మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది.

డ్రైవరు ఆకాశంలోకి చూస్తున్నాడు.

"తిరిగొచ్చాక, అన్ని పిల్లల్లో తన బిడ్డను ఎట్లా పోల్చుకుంటుందమ్మా?"

"గొంతును బట్టి."

ఆయన తలూపి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బండిని తీసుకెళ్లడానికి కొత్త డ్రైవరు వచ్చాడు.

"ఇక్కడ ఫ్యూజు లేదే?"

"నా దగ్గరుంది. కాలిపోయిందట" అంటూ ఆమె సంచిలోంచి తీసిచ్చింది.

అతను దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"నిక్షేపంలా ఉంది మేడమ్."

పెట్టి తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది.

"నిన్నటాయనకు ఆ మాత్రం తెలీదా?" అంది ఆమె.

కొత్త డ్రైవరు ముఖం చిన్నబోయింది.

"ఆయనకు తెలియకపోవడమేంటి మేడమ్? మా అందరికీ పని నేర్పిందే ఆయన. నిన్నటితో రిటైరయ్యారు. సర్వీసు మొత్తంలో ఆయన బండి ఆగింది నిన్న ఒక్కరోజే."