వేడి మీదే చూడాలి

గడ్డి కోసే బండి ఆఫీసు మైదానం నడిమధ్యన మళ్లీ ఆగిపోయింది.

సీటు దిగకుండానే ఆమె తాళం తిప్పింది. ఇంజిన్ గిరగిరా తిరిగింది గానీ అంటుకోలేదు.

పొద్దున చల్లగా ఉన్నంతసేపూ బంగారంలా నడుస్తుంది. ఒళ్లు వేడెక్కిందంటే చాలు, టక్కున ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

ఆమె చేయనిది లేదు. కొత్త పెట్రోలు పోసింది. ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూసింది. ఇంజిన్‌కు గాలి తగిలే జాలీలో ఇరుక్కున్న గడ్డంతా పీకేసింది. అయినా అదే తంతు.

సూపర్‌వైజరు మెకానిక్కును వెంటబెట్టుకుని తీరిగ్గా వచ్చాడు. ఆలోగా ఇంజిన్ చల్లారింది. మెకానిక్కు అలా తాళం తిప్పాడో లేదో, ఇలా స్టార్టయింది.

"దీనికేం రోగం లేదు సార్. నడిపేవాళ్లకే చేతకావడం లేదు."

"వరండాలు ఊడ్చే మనిషిని తెచ్చి బండెక్కిస్తే ఇంతే మరి," అన్నాడు సూపర్‌వైజరు. ఆమె ఎదురుగానే ఉంది. అయినా మెకానిక్కుతోనే అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఈ ఆఫీసువాళ్లదే ఇంకో భవనంలో ఏళ్ల తరబడి చీపురు పట్టిన మాట నిజమే. బండి నేర్చుకుని, అందరి ముందూ నడిపి చూపించి మరీ ఈ సీటు తెచ్చుకున్న మాటా నిజమే.

"కాసేపు ఇక్కడే ఉండండి సార్. వేడెక్కాక మీ కళ్లముందే ఆగుతుంది."

"మాకింకేం పనుల్లేవా? ఇంకొక్కసారి ఆగిందంటే మళ్లీ చీపురే."

వెళ్తూ వెళ్తూ కంచె అవతలికి వేలు చూపించాడు. మాసిన చొక్కాతో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆమె చాలా రోజులుగా చూస్తున్న మనిషే. బండి ఎప్పుడు ఆగినా అక్కడే ఉంటాడు.

"వాడు నీ సీటు కోసమే కాచుక్కూర్చున్నాడు. వాడితో మాటలు పెట్టుకోకు."

ఆ సాయంత్రం ఇంట్లో భర్త కుట్టుమిషను ఆపి నవ్వాడు.

"మీ బండికి మధ్యాహ్నం కునుకు అలవాటైనట్టుంది."

ఆమె నవ్వలేదు. 'మా అమ్మ బండి నడుపుతుంది' అని కూతురు బడిలో అందరికీ చెప్పుకుంది. రేపు ఆ పిల్లకేం చెప్పాలి?

మర్నాడు ఎండెక్కాక, కంచె పక్కనే బండి ఆగింది.

"అమ్మా, ఇప్పుడే ప్లగ్గు విప్పి చూడండి," అన్నాడు కంచె అవతలి మనిషి. "వేడి మీదే చూడాలి. చల్లారితే ఏమీ దొరకదు."

ఆమె బండి దిగి విసవిసా కంచె దగ్గరికి నడిచింది.

"బండి ఎప్పుడు ఆగుతుందా అని రోజూ గుడ్లప్పగించి చూస్తారే, సిగ్గనిపించదా? నా పొట్ట కొట్టి ఈ సీట్లో కూర్చుందామనా?"

ఆయన ముఖం వాడిపోయింది.

"మీరొక్కరే చూస్తే లాభం లేదమ్మా. వాళ్లచేతే విప్పించండి. మీ మాట నమ్మరు."

అంతే అన్నాడు. తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి రోజు బండి సరిగ్గా ఆఫీసు మెట్ల ముందు ఆగింది. సూపర్‌వైజరు చెయ్యి చాపాడు.

"దిగు. తాళాలిచ్చెయ్."

ఆమె తాళాలు గుప్పిట్లో బిగించింది.

"ఇస్తాను సార్. ముందు ప్లగ్గు విప్పించండి. చల్లారకముందే, ఇప్పుడే, నా ముందే."

గొంతు పెద్దదయ్యేసరికి కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మెకానిక్కుకు తప్పలేదు. వేళ్లు చురుక్కుమంటుంటే సణుక్కుంటూ ప్లగ్గు విప్పి, తీగకు తగిలించి, ఇంజిన్ ఇనుముకు ఆనించాడు. ఆమె తాళం తిప్పింది.

ప్లగ్గు కొసన రావాల్సిన నిప్పురవ్వ రాలేదు.

కొత్త ప్లగ్గు పెట్టాడు. అప్పుడూ రాలేదు.

"కాయిల్ పాడైంది సార్," అన్నాడు మెకానిక్కు, సూపర్‌వైజరు వైపు చూడకుండా. "వేడెక్కితే ప్లగ్గుకు కరెంటు ఇవ్వడం లేదు. చల్లారితే మామూలే."

"మరి చేతకానిదెవరికి?" అంది ఆమె.

సూపర్‌వైజరు ఫోను చెవికి పెట్టుకుని లోపలికి నడిచాడు. ఒక్క మాట, తప్పయిందన్న ఒక్క మాట, ఆయన నోట రాలేదు.

కొత్త కాయిల్ వేశాక బండి ఎండలో ఆగకుండా తిరిగింది. ఆమె చూపు మాటిమాటికీ కంచె వైపే పోయింది. అక్కడెవరూ లేరు. ఆ తర్వాతి రోజుల్లోనూ లేరు.

చివరికి గేటు దగ్గరి ముసలి వాచ్‌మన్‌ను అడిగింది.

"బాబాయ్, ఆ కంచె దగ్గరాయన రావడం లేదేం?"

"ఇక రాడమ్మా. పెళ్లాం పిల్లల్ని తీసుకుని వేరే ఊరెళ్లిపోయాడు. అక్కడేదో మూటలు మోసే పని దొరికిందట."

"నా సీటు దొరకలేదని వెళ్లిపోయాడా?"

వాచ్‌మన్ ముఖం చిట్లించాడు.

"అలాగని ఎవరు చెప్పారు నీకు? ఉద్యోగం మాట ఏనాడూ ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. బండిని వేడి మీద చూడమనండి, ఆ అమ్మాయిని ఏమీ అనొద్దనండి అని. లోపలికి రానివ్వొద్దని పైనుంచి చెప్పారు. నా చేతులతోనే గేటు వేశాను."

"నేనాయనకు ఏమవుతానని, బాబాయ్?"

వాచ్‌మన్ గేటు వైపు చూశాడు.

"నీకు ముందు ఆ బండి నడిపింది అతనేనమ్మా. ఇలాగే ఆగిపోతుంటే, నడపడం చేతకాదని పంపించేశారు."