పాప పేరు

అందరి మణికట్టుకూ పట్టీ ఉండే రోజులవి. ఒంట్లో ఒకరికి మించి మనుషులున్నవాళ్లకు, ఎవరు మెలకువలో ఉంటే పట్టీ మీద వాళ్ల రంగు వెలిగేది. సలోమి కూతురు కెజియాది నీలం. ఆదివారం చర్చిలో రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గర అది పసుపుకు మారింది. కెజియా లోపలుండే చిన్నపిల్ల మేలుకుంది. సలోమి సిగ్గుతో కూతురి చేతిని పైటకొంగు కింద దాచేసింది.

"దాచకమ్మా," అంది పిల్ల. "అయ్యగారూ, కెజియాకి బాప్తిస్మం ఇచ్చారు. నాకివ్వలేదు. నాకు ఆత్మ లేదా?"

పాస్టరుగారు రొట్టె పళ్లెం కింద పెట్టారు. "అది తేల్చడానికి నేనెవర్నమ్మా? ముందు నీకోసం ప్రార్థన చేద్దాం." సలోమి వైపు తిరిగారు. "పాప పేరేంటమ్మా?"

సలోమి ఏళ్ల తరబడి ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టింది గానీ, పేరు ఎన్నడూ అడగలేదు. సంఘమంతా చూస్తుండగా తల దించుకుని, కూతురి చెవి దగ్గరికి వంగింది.

"నీ పేరేంటి తల్లీ?"