దరువు వంతు

మా అపార్టుమెంటులో స్పీకర్ల దరువు కూడా మున్సిపాలిటీ నీళ్లలాగే వస్తుంది. రోజు విడిచి రోజు, ఫ్లాటుకి అరగంట. వంతు లేని ఫ్లాటులో ఎంత పెట్టినా గోడలే దాన్ని మింగేస్తాయి. అమ్మకి చెవులు పోయాయి. పాట ఏదైనా ఆవిడకి అరికాళ్ల గుండానే తెలియాలి. అందుకే ఉన్నంతలో, నేల అదిరేలా మోగే ఓ సెకండ్‌హ్యాండ్ సబ్‌వూఫర్ పెట్టె కొన్నాను.

సరిగ్గా మా వంతు మొదలవగానే అది నోరు విప్పింది.

“మీ పాత స్పీకర్లతో నేను కలవలేను. కొత్తవి కొనండి.”

“దీని దుంప తెగ!”

వైర్లు పీకాను, మళ్లీ పెట్టాను, బతిమాలాను, తిట్టాను. పెట్టె పలకలేదు. అరగంటా అయిపోయింది.

వెంటనే కింది ఫ్లాటు వంతు మొదలైంది. వాళ్ల దరువుకి మా నేలంతా అదిరింది. అమ్మ చెప్పులు విడిచి, పాదాలు నేలకి ఆనించి మురిసిపోయింది.

“ఇన్నాళ్లకి మంచి పెట్టె కొన్నావురా! ఇంకాస్త పెంచు.”