ముందుకు జరిగిన కుర్చీ

దగ్గరికి జరుగు బంగారం, ఇది చెవిలో చెప్పాల్సిన సంగతి.

కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఆడే దర్జీ ఒకడు ఒక సాయంత్రం ఆ కంప్యూటర్ గది తలుపుకు తాళం బిగించబోతున్నాడు. తను కొట్టుకు వెళ్లిన వేళ చూసి ఎవరో కుర్చీ ముందుకు జరిపారు. విమానం దేనికి గుద్దుకున్నా పగలకుండా ఆటను తేలిక చేసి పెట్టారు. అసలు పైలట్‌లా గంటసేపు అన్నీ సరిచూసుకుంటే గానీ చక్రం కదపని మనిషాయె, ఒళ్లు మండిపోయింది.

"నీ తమ్ముడి పనేనా?" అని భార్యను గుచ్చి అడిగాడు.

"తాటిచెట్టంత మనిషి, వాడు కుర్చీ ముందుకెందుకు జరుపుకుంటాడండీ?"

కొలతలు తెలిసిన దర్జీ చూపు ఆమె పొట్టి కాళ్ల మీద ఆగింది.

"నువ్వా? ఎగరడానికి ముందు చూసుకోవాల్సినవి నలభై ఉన్నాయి. ఒక్కటైనా తెలుసా?"

"తెలీదు. మన వీధి మీద చక్కర్లు కొట్టి దిగిపోతాను. నేర్పమంటే ఇది ఆట కాదన్నారు. ఇప్పుడు తాళం వేస్తే నాకు ఆ కాస్తా ఉండదు."

పదేళ్లుగా మబ్బుల పైనే తిరిగిన మనిషికి, తన వీధి కూడా ఆ ఆటలో ఉందని తెలియనే తెలియదు. తాళం పక్కన పెట్టి, ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఏదీ, మన ఇల్లు చూపించు."

"గట్టిగా పట్టుకోండి. నాది మోటు చెయ్యి."

గుర్తుపెట్టుకో తల్లీ, ఈ ఇద్దరి సంగతి రేపు నీ పిల్లలకు నువ్వే చెప్పాలి.