పేర్లు లేని అట్ట

"ఒక్క పాట పాడమంటే ఇన్ని సాకులా బాబాయ్?" పెద్ద గిన్నెలో కూర కలుపుతూ అడిగింది లోరీన్.

"గొంతు పోయిందమ్మా. డెబ్భై ఎనిమిదేళ్ళు," అన్నాడు రేఫర్డ్.

"పొద్దుట్నించీ ఆగకుండా మాట్లాడ్డానికి మాత్రం ఉంది!"

చర్చి వంటగదిలోని ఆడవాళ్ళు నవ్వారు. రేఫర్డ్ నవ్వలేకపోయాడు. పక్క హాల్లో లోరీన్ తండ్రి ఎమ్మెట్ శవపేటిక ఉంది.

అర్కాన్సా రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్ళోనే, కుర్రతనంలో, రేఫర్డ్, ఎమ్మెట్, మరో ముగ్గురు స్నేహితులు కలిసి పాటల బృందం కట్టారు. పల్లె ఫిడేలు, చర్చి కోరస్, బ్లూస్ గిటారు కలిపి, గాదె కొట్టంలో ఒకే మైకు చుట్టూ నిలబడి ఐదు ఆల్బంలు చేశారు. ఏ పాట ఎవరు పాడారో ఆల్బం అట్ట మీద వేయకూడదని నియమం. "పాట అందరిదీరా" అనేవాడు డ్రమ్ముల ఎమ్మెట్. మూడో ఆల్బంలోని నది పాట దేశమంతా మారుమోగింది. దాన్ని ఊరూరా వేదికలెక్కి పాడినవాడు రేఫర్డ్. పత్రికలు అతన్ని ఆకాశానికెత్తాయి. వెనక కూర్చున్న ఎమ్మెట్ చిరునవ్వుతో డ్రమ్ములు వాయించేవాడు.

ఆ ఎమ్మెట్‌కు రేఫర్డ్ ఒక క్షమాపణ బాకీ. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే యాభై ఏళ్ళు గడిపేశాడు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలని ప్రార్థనలో అడిగితే, దేవుడూ పలకలేదు.

"నాన్న గొంతెలా ఉండేదో నాకు తెలీదు," అంది లోరీన్ చేతులు తుడుచుకుంటూ. "నేను పుట్టకముందే ఆపరేషన్లో పోయిందిగా. పలక మీద రాసి తిట్టేవాడు. అమ్మని పెళ్ళికి ఒప్పించింది కూడా పలక మీద రాసేనట!"

"మొండివాడు," అన్నాడు రేఫర్డ్.

"పోనీ, రికార్డే పెడతాను. మీరు నా పక్కన నిలబడండి, చాలు."

ప్రార్థన అయ్యాక ఆమె నది పాట పెట్టింది. సన్నని, ఎత్తయిన గొంతు హాలంతా నిండింది. ముందు వరుసలో ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. కొందరు రేఫర్డ్ వైపు తిరిగి తల పంకించారు.

లోరీన్ అతని చెయ్యి పట్టుకుంది. "ఎంత బాగా పాడారు బాబాయ్! నాన్న ఇది వింటూ వెళ్తున్నాడు."

రేఫర్డ్ రెండో చేతిలోని టోపీని గుండెకు ఆనించుకున్నాడు. పాట చివరి చరణంలోకి వచ్చాక ఆమె వైపు తిరిగాడు.

"ఆ గొంతు మీ నాన్నదే తల్లీ."