తగ్గించమన్న సారు

"అమ్మా, సూరత్ సూరతంతా ఒక్కసారే తుమ్మినా మా లైన్ ఆగది!" అని లింగమూర్తి తల్లికి ఫోన్‌ల గొప్పలు చెప్పిండు.

మాట పూర్తి కాలే. టేబుల్ మీది ఫోన్లన్నీ ఒక్కతీర్గ మొత్తుకున్నయ్.

"భాయ్, సైట్ బంద్ హై!"

కరోనా రెండో ఏడు. లింగమూర్తి పని చేసేది ఒక సర్వర్ల గదిల. ఎవరెవరివో వెబ్‌సైట్లు నడిపే మిషిన్లు అక్కడ అరల మీద కిరాయికి ఉంటయ్. అన్నిటికీ బయటికి పోయే లైన్ ఒక్కటే. జనం ఇండ్లల్ల కూసొని ఫోన్లు నొక్కుడుతోని, అది కిమ్ రోడ్డు మీది లారీల లెక్క జామ్ అయింది.

తోటోళ్లంతా జరమొచ్చి ఇండ్లకు పోయిండ్రు. లింగమూర్తి ఒక్కడే మిగిలిండు. ఎంత అలిసిపోయిండంటే, ఆవులింత మొదలువెట్టి మధ్యల నిద్రపోయి, లేచినంక మిగిలిన సగం ఆవులించేటోడు.

చీరల సేఠ్ ఫోన్ చేసిండు. "భాయ్, స్పీడ్ పెంచు."

"పెంచిన సేఠ్. ఇగ రాకెట్!"

ఏం పెంచలే. కుర్చీల నుంచి లేవనేలేదు.

"హా, అబ్ మస్త్ హై!" అని సేఠ్ ఖుషీ.

అట్ల కూసున్నకాడి నుంచే సగం సూరత్‌కు స్పీడ్ పెంచిండు.

అందర్ల ఒక్కాయన వేరు. సూర్యప్రకాశరావు, రైల్వేల రిటైరైన పెద్దమనిషి. పాత హరికథలన్నీ సైట్ల పెట్టిండు. ఇండ్లల్ల చిక్కుకున్న తెలుగోళ్లంతా పొద్దంత అవే వింటున్నరు.

"బాబూ, మా సైట్ స్పీడు... తగ్గించు."

లింగమూర్తి నిద్ర దిగిపోయింది. "తగ్గియ్యాల్నా? పానం మంచిగున్నదా సార్?"

"మీ లైన్ మీదే... ఆక్సిజన్ సిలిండర్ల పేజీ కూడా ఉంది కదా, కావలసినవాళ్లు పేర్లు రాసుకునేది. మా హరికథలు దానికి... దారివ్వడం లేదు."

మాట మధ్యమధ్యల ఆగుతుంటే, సిగ్నల్ బాగలేదనుకున్నడు లింగమూర్తి.

"తగ్గించిన సార్. ఇగ మీ హరిశ్చంద్రుడు కాటికి చేరాలంటే నెల పడ్తది."

తగ్గించాలంటే లేవాలె. లోపలి గదిలకు పోవాలె. ఆ గదిల చలికి హిమాలయాలు గూడ స్వెటర్ అడుగుతయ్. రేపు చూద్దాం తీ, అనుకున్నడు.

తెల్లారి మళ్లా ఆయనే.

"బాబూ, హరిశ్చంద్రుడు... ఇంకా జోరుగానే నడుస్తున్నాడు."

"మీ ఫోన్ మంచిది సార్, అందుకే."

"అలాగా," అని నమ్మిండు పెద్దమనిషి.

ఆ మర్నాడు పగటిపూట సూరత్ పక్కనున్న పల్సానా నుంచి తల్లి సమ్మక్క ఏడ్సుకుంట ఫోన్ చేసింది.

"నాయినకు దమ్ము ఆడ్తలేదురా! దవాఖానల జాగ లేదన్నరు. సిలిండర్ల పేజీ తెరిస్తే గిర్రగిర్ర తిరుగుతనే ఉన్నది!"

లింగమూర్తి లోపలి గదిలకు ఉరికిండు. హరికథల స్పీడ్ మొత్తం కిందికి గుంజిండు.

పేజీ తెరుసుకున్నది.

తండ్రి పేరు లస్మయ్య, వయసు, పల్సానా అడ్రస్ రాసిండు.

పొద్దుగూకే యాళ్లకు సిలిండర్ ఇంటికొచ్చింది.

"నాయిన కండ్లు తెరిచిండురా. చాయ్ అడుగుతుండు," అన్నది తల్లి.

తెల్లారి లింగమూర్తే పెద్దమనిషికి ఫోన్ చేసిండు. ఈసారి నిజంగ తగ్గించిన్నని చెప్దామని.

ఆయన బిడ్డ భావన ఎత్తింది.

"నాన్న పొద్దున్నే పోయారండి. వారం నుంచి కరోనా."

లింగమూర్తి కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు.

"సర్వర్ల గది లింగమూర్తిగారే కదా? మీ గురించి చెప్పేవారు. 'అడగ్గానే తగ్గించాడు, మంచి పిల్లాడు' అని."

ఎప్పుడూ నాలిక మీదుండే జోకుల్ల ఒక్కటి గూడ అక్కరకు రాలే.

"తగ్గియ్యలే అక్కా. అబద్ధం చెప్పిన. మా ఇంటి మీదికి వచ్చినంకనే లేచిన."

ఆమె ఏమనకముందే మళ్లా అడిగిండు.

"సార్‌కు... సిలిండర్ దొరకలేదా అక్కా?"

"దొరికిందండి, మొన్ననగా పేరు రాస్తే నిన్న వచ్చింది. బిగించబోతుంటే పేజీలో పల్సానా లస్మయ్యగారని కొత్త పేరు కనబడింది... 'నాకన్నా చిన్నవాడు, అటు పంపెయ్' అన్నారు నాన్న."