నది దాటి వచ్చిన మెని

అల్లుళ్ళ పండుగనాడు, అల్లుడి పళ్ళెంలో వడ్డించిన చేప తలకాయను పెంపుడు పిల్లి మెని ఎత్తుకుపోయింది.

"పట్టుకోండి దాన్ని!" అంటూ ఝుముర్ తండ్రి కర్ర అందుకున్నాడు.

"కూర్చోరా!" అంది నాయనమ్మ. "ఇవాళ షష్ఠీదేవి పూజ. పిల్లల్ని కాచే ఆ తల్లి వాహనం పిల్లి. పిల్లలున్న ఇంట్లో దానిమీద చెయ్యెత్తుతావా?"

"వాహనమైతే మాత్రం అల్లుడి తలకాయ తినేస్తుందా అమ్మా?"

"అల్లుడిది కాదురా, చేపది."

అల్లుడు నవ్వేసి తోక ముక్కతో సరిపెట్టుకున్నాడు.

"పండుగ వెళ్ళనీ," అంది నాయనమ్మ. "రేపు ఏరు దాటించేద్దాం."

పదేళ్ళ ఝుముర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

జలంగి నది ఒడ్డున ఉన్న సిముల్‌ఘాట్‌లో పిల్లిని ఎవరూ కొట్టరు. భరించలేకపోతే గోనెసంచిలో పెట్టి అవతలి ఒడ్డుకు పంపేస్తారు. నీళ్ళు దాటిన పిల్లికి ఇల్లు గుర్తుండదని నమ్మకం.

ఆ ఇంటినుంచి కాలూ అనే నల్ల పిల్లి అలాగే వెళ్ళింది. తోక తెగిన రాజా కూడా వెళ్ళాడు.

కానీ మెని ఝుముర్ పక్కలో పడుకుని పెరిగిన పిల్లి. ఆమె చదువుకుంటుంటే వచ్చి సరిగ్గా పుస్తకం మీదే కూర్చునేది.

మర్నాడు పడవ నడిపే హరాధన్ వచ్చి సంచి భుజాన వేసుకున్నాడు. అతనిది అవతలి ఊరు. పిలిస్తే పలుకుతాడు, అంతే.

రెండు రోజులు ఝుముర్ అన్నం ముట్టలేదు. మూడో రోజు రేవుకు వెళ్ళింది.

"మా మెనిని తెచ్చివ్వు కాకా. అది వచ్చేదాకా నేను అన్నం తినను."

"దాటించిన పిల్లిని మనిషి తిరిగి తేకూడదు తల్లీ. అరిష్టమని మీ నాయనమ్మ మళ్ళీ దాటించేస్తుంది."

"మరి దానంతట అదే వస్తే?"

"అదే వస్తే దేవి పంపినట్టు. ఇక ఎవరూ కదపరు."

"దానికి ఈత రాదుగా!" ఝుముర్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

హరాధన్ తాడు విప్పి పడవ నీళ్ళలోకి తోశాడు.

"నువ్వు మనిషివి కాదు, రాయివి!" అని అరిచింది ఝుముర్.

ఆ సాయంత్రం పెద్ద వాన. వెలిసేసరికి పెరటి గడప మీద, ఒళ్ళంతా తడిసి ముద్దై, మెని.

"ఈదుకుంటూ వచ్చింది!" ఝుముర్ దాన్ని గుండెకు హత్తుకుంది.

నాయనమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఈతా లేదు, గీతా లేదు," అన్నాడు తండ్రి. "ఆ సోమరిపోతు ఈ ఒడ్డునే రెల్లు పొదల్లో వదిలేసి ఉంటాడు."

"అదే నిజమైతే అది ఏరు దాటనట్టేగా," నాయనమ్మ చేతులు కిందికి దించింది. "అలాగైతే మళ్ళీ పంపాలి."

ఝుముర్ మెనిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

పొద్దున్నే అందరూ రేవుకు వెళ్ళారు. పడవ ఎక్కబోతున్న జనం ఆగి చూశారు.

"దాటించావా, లేదా?" అన్నాడు తండ్రి.

"దాటించాను బాబూ. షష్ఠీదేవి మీద ఒట్టు."

"మరెలా వచ్చింది?"

"ఏమో బాబూ."

"ఇంత వెడల్పు ఏరు పిల్లి ఈదుతుందా?"

"ఏమో బాబూ."

"రాత్రి బెస్తవాళ్ళ పడవ మాట్లాడుకుని ఉంటుందిలే!" అన్నారెవరో. రేవంతా నవ్వింది.

నాయనమ్మకు మాత్రం ఆ ఒట్టు చాలింది. మెని ఇంట్లో ఉండిపోయింది.

హరాధన్‌కు ‘ఏమో’ అన్న పేరు ఉండిపోయింది. దేవిమీద ఒట్టేసి అబద్ధమాడే మనిషని, అవతలి ఊళ్ళో ఉన్న కూతుళ్ళకు పిండివంటలు పంపేవాళ్ళు వేరే పడవ చూసుకున్నారు. పెళ్ళివారు అతని పడవ ఎక్కడం మానేశారు. అతను కనబడితే పిల్లలు ‘ఏమో! ఏమో!’ అని వెంటపడేవారు.

అందరికన్నా గట్టిగా అరిచేది ఝుముర్.

మెని ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికింది. నాయనమ్మ చివరి జబ్బులో మంచం కాళ్ళ దగ్గరినుంచి కదల్లేదు. చేప వండిన రోజు ముళ్ళు తీసి ముందు దానికి పెట్టాకే నాయనమ్మ తను తినేది.

ఏటికి వంతెన పడింది. పిల్లుల్ని దాటించడం ఆ ఇంట్లో ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు పుట్టిన పిల్లిపిల్లల్ని, పెంచుకుంటామన్న వాళ్ళకు ఇస్తున్నారు.

ఓ ఆదివారం ఝుముర్ బుట్టలో ఒక పిల్లిపిల్లను పెట్టుకుని వంతెన దాటింది. అవతలి ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న ఓ ముసలామె తోడుకు కావాలందట.

"దీని ముత్తవ్వ ఈ ఏరు ఈదింది మామ్మా. నిండు వానలో!" అంది గర్వంగా.

ముసలామె పిల్లిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఝుముర్ ముఖంలోకి చూసింది.

"అన్నం మానేసిన పిల్లవి నువ్వేనా?"

"మీకెలా తెలుసు?"

"మా ఆయన పడవ నడిపేవాడు. హరాధన్. పోయిన మాఘంలో పోయాడు."

ఝుముర్ తల వంచుకుంది. "చిన్నతనం మామ్మా. ఆయన్ని చాలా ఏడిపించాం."

"ఆ మూడు రోజులూ మీ పిల్లి ఇదిగో, ఈ వాకిట్లోనే పాలు తాగింది," అంది ముసలామె. "ఎంత చెప్పినా వినకుండా ఆ వానలో తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళి, మీ పెరట్లో దించి వచ్చాడు."

ఝుముర్ ఆ వాకిలి వైపు తిరిగి చూసింది.

"రేవులో అన్ని మాటలు పడి ఇంటికొస్తే, ‘నిజం చెప్పెయ్యరాదా’ అన్నానమ్మా. ‘చెబితే పిల్లిని మళ్ళీ దాటిస్తారే, ఇవాళే ఆ పిల్ల అన్నం తిన్నదట’ అని కాళ్ళు కడుక్కుని వడ్డించమన్నాడు."